చేతి రంపమా, మోటారు రంపమా?

అమెరికాలో 1964 వైల్డర్‌నెస్ చట్టం కిందికొచ్చే అడవుల్లో దారికడ్డంగా చెట్టు పడితే మోటారు రంపం తీయకూడదు. అది లేనిదే పని జరగదని తేలితేనే మినహాయింపు.

మోటారుతో నిమిషాల్లో అయిపోతుంది, సరే. కానీ ఆ రొద కొండ అవతలికీ వినిపిస్తుంది. పైగా పెట్రోలు మోయాలి.

ఇద్దరు లాగే రంపం నిదానం. ఒకరు లాగుతుంటే రెండోవారు తోయకూడదు, తోస్తే రేకు వంగుతుంది. పదును బాగుంటే పొట్టు కాదు, సేమ్యాల్లాంటి పోగులు రాలతాయి. దుంగ బరువుకి కోత మూసుకుపోకుండా అందులో చీలలు (ఒక కొస సన్నగా ఉండే ముక్కలు) దిగ్గొట్టాలి.

2019లో కొలరాడోలోని వెమినూచీ అనే అలాంటి అడవిలో, పురుగు పట్టి చచ్చిన స్ప్రూస్ చెట్లు దారులకు అడ్డంగా పడ్డాయని అక్కడి అటవీ శాఖ ఫారెస్ట్ సర్వీస్ మోటారు రంపాలకు అనుమతిచ్చింది. కేసు పడ్డాక వెనక్కి తీసుకుంది.

నా ఓటు చేతి రంపానికే. దుంగ కింద మనిషి ఇరుక్కుంటే మాత్రం మోటారే. ప్రాణాపాయంలో చట్టమూ ఒప్పుకుంటుంది.