తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు: ఎక్కడ దేనికి జాగ్రత్తపడాలి

యాత్రకు బయల్దేరే ముందు ఏ జిల్లాలో నేరాలు ఎక్కువో చూసుకోవడం మంచి అలవాటే. కాని ఆ అంకె ఎలా తయారవుతుందో తెలియకపోతే భయపడాల్సిన చోట ధీమాగానూ, ధీమాగా ఉండాల్సిన చోట భయంగానూ తిరుగుతాం.

జాతీయ నేర గణాంక సంస్థ ఏటా ఇచ్చే రేటు అంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులు నమోదయ్యాయన్న లెక్క. దేశం మొత్తానికి అది 2020లో 487.8, 2021లో 445.9, 2022లో 422.2. పైపైన చూస్తే 2020 ఘోరమైన ఏడాది, ఆ తర్వాత దేశం కుదుటపడింది అనిపిస్తుంది. నిజానికి 2020లో లాక్‌డౌన్ ఉల్లంఘన కేసులు లక్షల్లో పడ్డాయి. జనం ఇళ్ళలోనే ఉన్నందున దొంగతనాలు ఆ ఏడాది తగ్గాయి. కేరళ రేటు ఎప్పుడూ పైవరుసలోనే ఉంటుంది. స్టేషన్‌కు వెళ్ళినవాడి ఫిర్యాదును వెనక్కి పంపకుండా కేసు కట్టడం దానికి పెద్ద కారణం. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో మూడు నాలుగు నేరాలుంటే అన్నిటికన్నా పెద్దదాన్ని ఒక్కటే లెక్కలోకి తీసుకుంటారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మన ప్రాంతానికి వస్తే చిక్కులు ఇంకా ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత చిత్తూరు జిల్లా ముక్కలై, అందులో ఒక భాగం, నెల్లూరు జిల్లాలో కొంత భాగం కలిసి తిరుపతి జిల్లా అయింది. అంతకుముందు పట్టికల్లో తిరుపతి అర్బన్, చిత్తూరు వేర్వేరు పోలీసు జిల్లాలు. కాబట్టి 2021 చిత్తూరును 2023 చిత్తూరుతో పోల్చి పెరిగిందనో తగ్గిందనో చెప్పేవాళ్ళ మాట పట్టించుకోనక్కర్లేదు. తిరుపతి స్టేషన్‌లో గానీ రైల్లో గానీ పోయిన బ్యాగు తిరుపతి జిల్లా లెక్కలో పడదు. అది రైల్వే పోలీసుల కేసు, పట్టికలో గుంతకల్ రైల్వే కింద కనిపిస్తుంది.

యాత్రికుల సంఖ్య వల్ల రేటు ఉబ్బిపోతుందని కొందరంటారు. జిల్లా మొత్తానికి ఆ వాదన అంతగా నిలవదు. జిల్లాలో సుమారు 22 లక్షల మంది ఉంటే, ఏ రోజుకారోజు కొండపైకి వచ్చేది అరవై డెబ్బై వేలమంది. అది మూడు శాతం చిల్లర. తిరుమల ఒక్కదాన్నే తీసుకుంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది. 2011 జనాభా లెక్కల్లో అక్కడి స్థిరనివాసులు 8 వేల లోపే. రోజూ వచ్చేవాళ్ళు దానికి ఎనిమిది తొమ్మిది రెట్లు. అక్కడ లక్ష జనాభాకు ఇన్ని కేసులు అన్న మాటకు అర్థమే లేదు. యాత్రికుడికి కావాల్సింది ఏ చోట, ఏ వేళ, ఏం పోతుంది అన్నది.

ఇక్కడ యాత్రికుడికి ఎక్కువగా ఎదురయ్యేవి దొంగతనం, మోసం, రోడ్డు, తోపులాట. దారికాచి కొట్టడం లాంటివి అరుదు.

కొండపైకి వెళ్ళే దారి మొదట్లో అలిపిరి దగ్గర తనిఖీ, పైన దేవస్థానం విజిలెన్స్ సిబ్బంది, అడుగడుగునా కెమెరాలు ఉన్నాయి కాబట్టి అర్ధరాత్రి ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని నడిచి వెళ్ళగలిగిన అతికొద్ది ఊళ్ళలో తిరుమల ఒకటని ధైర్యంగా చెప్పవచ్చు. ఆ ధైర్యంతోనే సామాను పోగొట్టుకుంటారు. పోయేది మూడు చోట్ల. గది దొరక్క షెడ్లలో, ఆరుబయట నిద్రపోయేటప్పుడు తలగడ పక్కన పెట్టిన ఫోను, సంచి. కల్యాణకట్టలో గుండుకు కూర్చునే ముందు తీసి పక్కన పెట్టిన గొలుసు. పుష్కరిణి మెట్ల మీద వదిలిన బట్టల మూటలో పర్సు. ఇంటిల్లిపాదీ ఒక్కసారే నీళ్ళలోకి దిగితే ఆ మూట ఎవరిదో అడిగేవాళ్ళుండరు. ఒకరు మెట్ల మీదే ఉండాలి, తర్వాత మారాలి.

గది దొరకకపోతే యాత్రికుల వసతి సముదాయాలకు వెళ్ళండి. హాలు, లాకరు రెండూ ఉచితం. నగలు, నగదు, ఆధార్ అన్నీ లాకర్లో పెట్టి, తాళంచెవి మొలతాడుకో మెడలో దారానికో కట్టుకోవాలి. అందరి దుప్పట్లు పరిచే చోట చెవి జారిపోతే వెతకడం కష్టం. ఉన్న డబ్బంతా ఒకే మనిషి దగ్గర ఉంచకూడదు. దర్శనానికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. డిపాజిట్ కౌంటర్లో ఉచితంగా తీసుకుని రసీదు ఇస్తారు. ఆ రసీదు ఫోటో తీసుకుందామంటే ఫోను ఇచ్చేసి ఉంటారు కాబట్టి, నంబరు ఇద్దరు గుర్తుపెట్టుకోవాలి. గదులు ముఖ గుర్తింపుతో ఇస్తున్నారు. తీసుకున్న మనిషే ఖాళీ చేయడానికి రావాలి, లేకపోతే కాషన్ డిపాజిట్ దగ్గర ఇబ్బంది. గుంపులో ముందు తిరిగి వెళ్ళిపోయే మనిషి పేరున గది తీసుకోకండి.

మోసం మాత్రం కొండకింద, ఫోన్లో మొదలవుతుంది. దేవస్థానం పేరు, గోపురం బొమ్మ పెట్టి నకిలీ సైట్లు పుడుతూనే ఉన్నాయి. ఒకదాన్ని మూయిస్తే ఇంకొకటి వస్తుంది. అసలు సైటు చిరునామా ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల్ని నొక్కకుండా చిరునామా తామే టైపు చేయాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనాన్ని 1,500కి, సిఫారసు లేఖ మీద బ్రేక్ దర్శనాన్ని వేలల్లో ఇప్పిస్తామనే దళారీ, టికెట్ మీద మీ పేరు, ఆధార్ నంబరు ఉండవని తెలిసే అమ్ముతాడు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ దగ్గర స్కానింగులో అది బయటపడుతుంది. అప్పటికి డబ్బు పోయి ఉంటుంది, దర్శనం పోయి ఉంటుంది, వివరణ ఇచ్చుకోవాల్సింది మీరే. తలనీలాలకు, కౌంటర్లో టోకెనుకు, లాకరుకు డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు. దేవస్థానం కాల్ సెంటర్ 155257.

దిగువన బసకు రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం, దాని పక్కన మాధవం ఉన్నాయి. భద్రత ఒక్కటే చూస్తే ప్రైవేటు లాడ్జీల కన్నా ఇవే మేలు. గేటు దగ్గర మనుషులుంటారు, చుట్టూ రాత్రంతా జనం తిరుగుతుంటారు. ఇబ్బంది ఏమిటంటే సర్వదర్శనం టోకెన్ల జనం కూడా వీటి దగ్గరికే వస్తారు, పెద్దలకు నిద్ర పట్టదు. లాడ్జిలోనే దిగాల్సివస్తే డబ్బు కట్టకముందే గది చూడండి. లోపలి గడియ గట్టిగా పడుతుందా, బాత్రూమ్ కిటికీకి కమ్మీలున్నాయా, పక్క గదిలోకి తలుపుందా, మెట్లు ఒకటేనా రెండున్నాయా. కరెంటు వైర్లు వేలాడుతూ ఒకే ఇరుకు మెట్లున్న పాత కట్టడంలో నాలుగో అంతస్తు వద్దు. ఆధార్ జిరాక్సు అడుగుతారు. మొదటి ఎనిమిది అంకెలు మూసిన కాపీని ఇచ్చి, దానిమీద లాడ్జి పేరు, తేదీ రాయండి. ఒరిజినల్ వాళ్ళ దగ్గర పెట్టి రాకూడదు.

కొన్ని రైళ్ళు తిరుపతికి రాకుండా రేణిగుంట మీదుగానే వెళ్ళిపోతాయి. ఊరికి 10 కిలోమీటర్లు. రాత్రి ఒంటిగంటకు అక్కడ దిగి తొందరపడి ఎవరి కారో ఎక్కేకన్నా, వెయిటింగ్ హాల్లో తెల్లవారేదాకా ఉండి మొదటి రైలో బస్సో పట్టుకోవడం మంచిది. ఆటో తప్పకపోతే నంబరు పలక ఫోటో తీసి, డ్రైవరు చూస్తుండగానే ఇంటికి పంపండి. ఆ చిన్న పని చాలా గొడవల్ని మొదట్లోనే ఆపుతుంది.

నడకదారి భయం వేరు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, దూరం చాలా తక్కువ. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాత పిల్లలతో మధ్యాహ్నం దాటాక నడవడంపై ఆంక్షలు, గుంపులుగా పంపడం, చేతికర్రలు ఇవ్వడం వచ్చాయి. వేళలు మారుతుంటాయి కాబట్టి అలిపిరిలో ఆ రోజు మాట కనుక్కోవాలి. పిల్లలు గుంపుకు పది మెట్లు ముందు పరుగెత్తకూడదు, వెనకబడకూడదు. చిరుత పట్టేది విడిగా దొరికిన చిన్న ఆకారాన్నే. తినే వస్తువులు పారేస్తే కుక్కలు, అడవిపందులు చేరతాయి, వాటికోసం అది వస్తుంది.

తోపులాటను మాత్రం చాలామంది ప్రమాదాల లెక్కలో వేసుకోరు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. పర్వదినాల్లో గేటు ఎదుట, బారికేడు మూలలో, మెట్ల అంచున నిలబడకూడదు. గేటు తీయగానే వెనకవాళ్ళు ఒక్కసారి ముందుకు వస్తారు, ముందున్నవాళ్ళకు కదలడానికి చోటుండదు. ప్రాణం పోయేది చాలాసార్లు ఊపిరాడకనే. ముంజేతులు గుండె ముందు అడ్డం పెట్టి ఊపిరికి చోటు ఉంచుకోవాలి. జనానికి ఎదురు తిరగకుండా, వాళ్ళతో కదులుతూనే ఏటవాలుగా పక్కకు రావాలి. కిందపడిన చెప్పు కోసం, సెల్లు కోసం వంగకూడదు. అరవై దాటినవాళ్ళను, గుండెజబ్బు ఉన్నవాళ్ళను ఆ రోజుల్లో తీసుకురాకపోవడమే న్యాయం.

శ్రీకాళహస్తి తిరుపతి నుంచి 36 కిలోమీటర్లు. ఊరు ప్రశాంతం. రాహుకేతు పూజ సామగ్రి బయట కొనిపించేవాళ్ళతోనే పేచీ. టికెట్టు కౌంటర్లోనే తీసుకుంటే పూజ సామగ్రి అందులోనే వస్తుంది. చిత్తూరు దగ్గరి కాణిపాకం ఇంకా నెమ్మది. వినాయక చవితి బ్రహ్మోత్సవాల్లో, అటు తిరుపతి గంగమ్మ జాతరలో ఆడవాళ్ళు మెడలో గొలుసు లేకుండా రావడం ఒక్కటే చెప్పాల్సిన మాట. తలకోన జలపాతం దగ్గర నేరం కన్నా నాచుపట్టిన బండలు ప్రమాదం. పలమనేరు, కుప్పం వైపు రాత్రిళ్ళు ఏనుగులు రోడ్డెక్కుతాయి. ఎర్రచందనం అడవుల్లోకి దగ్గరిదారి అని రాత్రిపూట బండి తిప్పకండి.

అసలు ప్రాణాలు తీసేది రోడ్డు. 2022 మార్చిలో తిరుపతి దగ్గరి భాకరాపేట ఘాటులో పెళ్ళిబృందం బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్ళే దారిలోని మొగిలి ఘాటులో ఆర్టీసీ బస్సు ప్రమాదానికి గురైంది. బెంగళూరు నుంచో చెన్నై నుంచో రాత్రి బయల్దేరి, దర్శనం చేసుకుని అదే రాత్రి తిరిగి వెళ్ళే ప్యాకేజీల్లో డ్రైవరుకు నిద్ర ఉండదు. మీరు క్యూలో ఉన్నంతసేపు అతను ఎండలో బండిలో కూర్చుని ఉంటాడు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కన్ను మూతపడుతుంది. బేరం ఆడేటప్పుడే డ్రైవరుకు పడుకోవడానికి చోటు, ఆరు గంటల నిద్ర మాట్లాడుకోండి. అతని గదికయ్యే ఖర్చు మీరు పెట్టుకోండి. తిరుమల ఘాటులో ఎక్కడానికీ దిగడానికీ కనీస సమయం ఉంది, దానికన్నా ముందే చేరితే జరిమానా. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. రెండో గేరులో దిగాలి.

ఏదైనా పోతే ముందు 112. ఫోను పోతే సిమ్ ఆపించి, ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఫోనుకు ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు ఐఎంఈఐని బ్లాక్ చేయించండి. ఆ నంబరు కోసం స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి ఇంట్లోనే రాసి పెట్టుకోవాలి. డబ్బు ఆన్‌లైన్లో పోతే సైబర్ మోసాల నంబరు 1930కి ఎంత తొందరగా ఫోను చేస్తే అంత మేలు, ఆలస్యమైతే సొమ్ము చేతులు మారిపోతుంది. రైల్లో పోతే 139. ప్లాట్‌ఫారం మీద కనిపించే ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, ఫిర్యాదు విని సాయం చేస్తుంది, ఎఫ్‌ఐఆర్ కట్టేది జీఆర్‌పీ, అంటే రాష్ట్ర రైల్వే పోలీసులు. రెండూ వేరని తెలియక చాలామంది ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతారు.

మా పరిధి కాదని స్టేషన్లో అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి. ఆన్‌లైన్లో ఇచ్చిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. పోయిన వస్తువు విలువ, రంగు, గుర్తులు, చివరిసారి చూసిన సమయం, దగ్గర్లోని కెమెరా స్తంభం ఎక్కడుందో తెలుగులోనే స్పష్టంగా రాయండి. కొండ మీద కెమెరాలు అన్నిచోట్లా ఉన్నాయి కాబట్టి సమయం గంటకు బదులు నిమిషాల్లో చెప్పగలిగితే వెతికేవాళ్ళ పని సగం తగ్గుతుంది.