ఎర్ర తాడు కట్టుకోనిదే మోటారు చేతికివ్వని షాపు

గోపాలపూర్, ఆర్యపల్లి వైపు పడవ ఉండి, కొత్తగా అవుట్‌బోర్డ్ మోటారు (పడవ వెనక పలకకి బిగించేది) కొందామని తిరుగుతున్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బరంపురం నుంచి గోపాలపూర్ వెళ్లే రోడ్డు మీద ఎడమ పక్కన ఒక మోటార్ల షాపు ఉంది. బోర్డు ఒడియాలోనే ఉంటుంది కాబట్టి చదవలేనివాళ్లకి గుర్తు చెప్తాను: గుమ్మం పక్కన నీళ్లు నిండిన నీలం డ్రమ్ము, దాని అంచుకి బిగించిన పాత మోటారు. అమ్మకం, బిగింపు, సర్వీసు మూడూ ఒక్కరే చూసుకుంటారు. ఆయన ఒడియా మనిషే గానీ నలభై ఏళ్లుగా మన పల్లెల మోటార్లు బాగుచేస్తున్నారు, తెలుగు మనలాగే మాట్లాడతారు. అందరూ భాయినా అంటారు, ఒడియాలో అన్నయ్య అని. మేం అక్కడ 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు కొని ఏడాది దాటింది, కాబట్టి చూసిందే రాస్తున్నాను.

అంతకుముందు మా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్ మోటారు, వేరే చోట కొన్నాం. అమ్మినవాళ్లు మా పడవ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. డబ్బు తీసుకుని, ఆటోలో ఎక్కించి, పెట్రోలులో కలిపే నూనె అడిగితే బైకుల్లో పోసే టూటీ ప్యాకెట్లు నాలుగు చేతిలో పెట్టారు. మా ఫైబర్ పడవ వెనక పలక ఎత్తు 20 అంగుళాలు. వాళ్లిచ్చింది 15 అంగుళాల షార్ట్ షాఫ్ట్ అని ఏడాది తర్వాత గానీ మాకు తెలియలేదు. షాఫ్ట్ అంటే ఇంజన్ నుంచి కిందికి ఫ్యాను దాకా దిగే కాడ, ఫ్యాను అంటే పడవని నెట్టే రెక్కలు. షాఫ్ట్ పొట్టిదైతే ఫ్యాను నీళ్లలో చాలినంత మునగదు, కెరటం మీద పడవ వెనక భాగం లేచినప్పుడల్లా గాలి పీల్చుకుంటుంది. ఇంజన్ కీచుమని అరుస్తుంది కానీ పడవ కదలదు. నీళ్లు లాగే పంపుకీ గాలే అందుతుంది, ఇంజన్ వేడెక్కిపోతుంది. దాని మీద బైకు నూనె. బైకు ఇంజన్ గాలితో చల్లబడేది, పడవ మోటారు నీళ్లతో చల్లబడేది, రెండింటి నూనెలూ వేరు. మా పిస్టన్ రెండో నెలలోనే పట్టేసింది, బోరు చేయించి మళ్లీ నడిపాం.

అదైనా డబ్బుతో పోయింది. పోయినేడు సంక్రాంతి వెళ్లిన వారం మా తమ్ముడు, మా పెదనాన్న కొడుకు కలిసి కానాగంత చేపల కోసం వెళ్లి తిరిగొస్తున్నారు. తమ్ముడు హ్యాండిల్ దగ్గర కూర్చుని ఉండగా పక్క నుంచి కెరటం కొట్టింది, వాడు నీళ్లలో పడ్డాడు. నడిపేవాడు పడిపోతే ఇంజన్ ఆపేసే ఎర్ర తాడు ఒకటి ఉంటుంది, అది ఎవరూ కట్టుకోలేదు, అసలు అది ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు, అది మోటారు స్విచ్చుకే ఊరికే వేలాడుతూ ఉండేది. హ్యాండిల్ వదిలేసిన మోటారు ఒక పక్కకి తిరిగిపోతుంది, పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది, పడిన మనిషి ఆ చుట్టు మధ్యలో ఉంటాడు. రెండుసార్లు వాడి మీదకే వచ్చింది. పెదనాన్న కొడుకు వల మీద నుంచి పాక్కుంటూ వెళ్లి స్టాప్ బటన్ నొక్కేసరికి ఫ్యాను రెక్క తమ్ముడి పిక్కని కోసేసింది. బరంపురం పెద్దాసుపత్రిలో పదకొండు కుట్లు. మా అమ్మ ఇప్పటికీ ఆ ఎర్ర తాడు చూస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అందుకే ఈ రివ్యూలో తాడు గురించి ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

భాయినా షాపుకి నేనూ నాన్నా వెళ్లాం. ఆయన మొదట అడిగింది ఏ కంపెనీ కావాలని కాదు, "బాబాయ్, పలక ఎత్తు కొలిచారా?" అని. కొలవలేదన్నాం. అయితే కొలుచుకుని రండి అని టేపు ఇచ్చి పంపేశారు. పలక పైఅంచు నుంచి సరిగ్గా నడిమధ్య పడవ అడుగు దాకా కొలవాలట. నాకు ఆ రోజు కొంచెం కోపం వచ్చింది, ఇరవై కిలోమీటర్లు వెనక్కి పోయి మళ్లీ రావాలి కదా. ఇప్పుడైతే ఆయనకి దండం పెట్టాలనిపిస్తుంది. ఫ్యాను మీద అడ్డంగా ఉండే ప్లేటు పడవ అడుగుకి ఒక అంగుళం కిందకి రావాలి, ఆ లెక్క కుదిరితేనే మోటారు అమ్ముతారు.

కొన్నాక మాకు ఇచ్చిన పాఠం రెండున్నర గంటలు పట్టింది. తమ్ముడే నడిపేవాడు కాబట్టి వాడినే నిలబెట్టారు, మేం చూస్తూ కూర్చున్నాం. ఫ్యాను తీసేసి మోటారుని డ్రమ్ముకి బిగించారు. నీళ్లు ఆ ప్లేటు పైకి రావాలి, నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పొద్దన్నారు. లోపల నీళ్లు లాగేది రబ్బరు రెక్కల ఇంపెల్లర్, పొడిగా తిరిగితే కొన్ని సెకన్లలోనే పాడవుతుంది. స్టార్ట్ చేసే వరస కూడా తమ్ముడి చేతే ఐదారుసార్లు చేయించారు. ముందు టాంకు మూత మీద గాలి స్క్రూ వదులు చేయాలి, పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బుని గట్టిపడేదాకా నొక్కాలి, తాడు క్లిప్పు పెట్టుకోవాలి, గేరు న్యూట్రల్‌లో ఉందో చూడాలి, చల్లటి ఇంజన్ అయితే చోక్ లాగాలి. లాగే తాడుని ముందు మెల్లగా బిగువు తగిలేదాకా లాగి, ఆ తర్వాత ఒక్క ఊపున లాగాలి. లాగే ముందు వెనక్కి తిరిగి చూడమన్నారు, మోచెయ్యి తగిలి పళ్లు పోయినవాళ్లున్నారట. ఇంజన్ అందుకోగానే పక్కనున్న చిన్న కన్నంలోంచి నీటి ధార వస్తోందో లేదో చూడాలి. ధార రాకపోతే ఏమీ ఆలోచించకుండా ఆపేయాలి. ఇసక గానీ ప్లాస్టిక్ గానీ అడ్డుపడి ఉండొచ్చు, ఇంపెల్లర్ పోయి ఉండొచ్చు, ఏదైనా గానీ సముద్రంలోకి పోయాక తెలిస్తే ఏం లాభం.

నూనె సంగతి ఇంకా గట్టిగా చెప్పారు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి, అదే పడవ నూనె. ఈ మోటారుకి మొదటి పది గంటలు లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్లు, ఆ తర్వాత లీటరుకి 20. మాది 24 లీటర్ల టాంకు, అంటే మొదట్లో 960, తర్వాత 480. ఈ లెక్కని టాంకు మీదే పెయింటుతో తెలుగులో రాయించి ఇచ్చారు, నాన్నకి కూడా పనికొచ్చేలాగా. ముందు నూనె, దాని మీద కొంచెం పెట్రోలు పోసి బాగా కుదిపి, మిగతాది ఆ తర్వాత పోయాలి. టాంకుని పడవలో పెట్టి నింపొద్దు, దించి ఇసకలో పెట్టి నింపాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగునే పేరుకుని ఉంటుంది, దగ్గర్లో ఎవరైనా బీడీ వెలిగిస్తే అంతే. మెడ దాకా నింపకుండా కొంచెం ఖాళీ వదలాలి, ఎండకి పెట్రోలు ఉబ్బుతుంది. ఇప్పుడు పంపుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు, అది తేమని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి టాంకులో ఉంచొద్దని కూడా చెప్పారు. కిరోసిన్‌తో నడిచే మోటార్లూ మన తీరంలో ఉన్నాయి కదా, వాటిని పెట్రోలు మీద స్టార్ట్ చేసి వేడెక్కాక కిరోసిన్‌కి మార్చాలి, ఆపే ముందు మళ్లీ పెట్రోలు మీదకి తెచ్చి ఆపాలి, లేకపోతే కార్బురేటర్‌లో కిరోసిన్ మిగిలిపోయి మర్నాడు చేతులు పడిపోయేలా లాగినా స్టార్ట్ కాదు.

ఇక తాడు. స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, ఒక కొస మోటారు మీద ఎర్ర స్విచ్చు కింద క్లిప్పుగా దూరుతుంది, రెండో కొస మనిషికి. మనిషి పడితే క్లిప్పు ఊడుతుంది, ఇంజన్ ఆగిపోతుంది. చేతికి గానీ, నడుముకి గానీ, లైఫ్ జాకెట్‌కి గానీ కట్టాలి, చిరిగిపోయే చొక్కాకి కాదు. భాయినా తమ్ముడికి తాడు కట్టి, ఇంజన్ నడుస్తుండగా ఉన్నట్టుండి వాడి భుజం పట్టి వెనక్కి లాగారు. క్లిప్పు ఊడింది, ఇంజన్ ఆగింది. ఆ ఒక్క లాగుడుతో వాడికి అర్థమైంది, వాడి మొహం చూస్తే తెలిసింది. "తమ్ముడూ, నీ కాలు నేను చూశాను, నాకు చెప్పాల్సిన పనిలేదు. ఇది లేకుండా నా మోటారు నడిపితే మళ్లీ నా దగ్గరికి రిపేరుకి తేవొద్దు" అన్నారు. ఆయన ఊరికే అనరట. తాడు కట్టుకోకుండా వచ్చినవాళ్ల మోటారు ముట్టుకోకుండా తిప్పి పంపడం ఆ తర్వాత నా కళ్లతో చూశాను.

నాకు అసలు తట్టనిది ఇంకొకటి చెప్పారు. నడిపేవాడు క్లిప్పుతో సహా నీళ్లలో పడితే, పడవలో మిగిలినవాడు మోటారు మళ్లీ స్టార్ట్ చేసి వాడిని తెచ్చుకోవడం ఎలా? క్లిప్పు లేనిదే ఇంజన్ అందుకోదు. అందుకని రెండో క్లిప్పు ఒకటి పడవలో కట్టి ఉంచాలి. మాకు ఇచ్చేటప్పుడే రెండూ ఇచ్చారు, రెండోదానికి డబ్బు తీసుకోలేదు. ఈ ఒక్క మాట కోసమే నేను ఆ షాపుకి మార్కులు వేస్తాను.

మోటారు దింపడానికి మా ఒడ్డుకి వచ్చినందుకు పద్దెనిమిది వందలు తీసుకున్నారు, ఆటో ఖర్చు వేరే. బిగింపు స్క్రూలు చేత్తో గట్టిగా తిప్పి, పలకకి బోల్టులు వేసి, దానికి తోడు మోటారుని ఒక నైలాన్ తాడుతో పడవకి కట్టారు, బిగింపు వదులైనా సముద్రం పాలు కాకుండా. పావుగంట నడిపాక మళ్లీ బిగించి చూపించారు. మన దగ్గర రేవు లేదు, కెరటాల్లోంచే పడవ తోసుకుపోవాలి. ఇంజన్ దించేంత లోతు వచ్చేదాకా తెడ్డుతోనే పోవాలని, లోతు తక్కువలో ఫ్యాను ఇసకని కొడితే పంపులోకి ఇసక పోతుందని నాన్నకి ముందే తెలుసు. నాన్న ఇరవై ఏళ్లు డీజిల్ లాంగ్ టెయిల్ మోటారు (పొడుగాటి కాడ చివర ఫ్యాను ఉండేది) నడిపినవాడే, అయినా నోరు మూసుకుని విన్నాడు. గేరు వేసేటప్పుడు స్పీడు పూర్తిగా తగ్గించాలి. నీళ్లలో మనిషి దగ్గరికి వస్తున్నప్పుడు, వల ఫ్యాను పక్కకి వస్తున్నప్పుడు న్యూట్రల్ చాలదు, ఇంజన్ ఆపేయాలి. పెట్రోలుని మూడు వంతులు చేసుకోవాలి, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, గాలి మారితే ఒకటి. మా టాంకుకి ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది.

రోజూ ఒడ్డుకి వచ్చాక మంచినీళ్ల డ్రమ్ములో పది నిమిషాలు తిప్పడం మా ఇంట్లో అలవాటైపోయింది, మొదట్లో నీళ్లు మోయడానికి తమ్ముడు విసుక్కునేవాడు. ఉప్పు గట్టిపడితే నీటి దారులు మూసుకుపోతాయి. ఆఖర్లో పెట్రోలు పైపు తీసేసి దానంతటదే ఆగేదాకా నడిపితే కార్బురేటర్ ఖాళీ అవుతుంది. మోసేటప్పుడు పై భాగం ఎప్పుడూ ఫ్యాను కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే మిగిలిన నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య నది మొగ ముందు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ వైపు పల్లెల మోటార్లు నెలల తరబడి కూర్చుంటాయి. అలా పెట్టే ముందు గేరు నూనె దించి చూడమంటారు. మజ్జిగలా తెల్లగా వస్తే సీలు పోయి నీళ్లు దిగినట్టే, అప్పుడే మార్పించుకుంటే కొన్ని వందలతో పోతుంది.

బాగోలేనివీ చెప్పాలి. ఒక్కరే మనిషి, రద్దీ ఉన్న రోజు గంటల తరబడి కూర్చోవాలి. ఏడాదికి ఇంపెల్లర్ మార్చాలని ఆయనే చెప్పారు, తీరా వెళ్తే స్టాకు లేదు, తెప్పించడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ మాకు వేట లేదు, ఇంట్లో అందరికీ టెన్షన్. ముందే తెప్పించి పెట్టుకోవాల్సింది, ఆ మాట ఆయన మొహం మీదే చెప్పాను, ఒప్పుకున్నారు. ఇప్పుడు మేం ఒక ఇంపెల్లర్ కొని ఇంట్లోనే ఉంచుకున్నాం. స్పార్క్ ప్లగ్గు, దాని పానా, ఫ్యానుకి పెట్టే పిన్ను, లాగే తాడు తెగితే చుట్టి లాగడానికి ఇంకో తాడు ఒక మూత డబ్బాలో పడవలోనే ఉంటాయి. ధర కూడా బయట కంటే కొంచెం ఎక్కువే. నూనె డబ్బా మీద ఎంత అడిగినా తగ్గించరు. బిల్లు మాత్రం అడక్కుండానే ఇస్తారు, వారంటీ కార్డు మీద తేదీ వేసి సీలు కొట్టి ఇస్తారు.

ఐదుకి నాలుగున్నర. ఆ అర ఇంపెల్లర్ కోసం తీసేశాను.

వెళ్లేవాళ్లు పొద్దున్న ఎనిమిదికల్లా వెళ్లండి, పాఠం పొద్దున్నే చెప్తారు, మధ్యాహ్నం తర్వాత రిపేర్లే చూస్తారు. ఆదివారం మూత. పలక కొలత కాగితం మీద రాసుకుని పట్టుకెళ్లండి. మోటారు కొనేవాడే కాకుండా నడిపేవాడు కూడా రావాలి, రాకపోతే డబ్బు తీసుకోరు. వాడితో పాటు పడవలో ఉండే రెండో మనిషిని కూడా తీసుకెళ్లండి, రెండో క్లిప్పు వాడాల్సింది అతనే కదా.