గేటు దాటి లోపలికి వెళ్లగలిగే విక్టోరియన్ ఇల్లు: శాన్ ఫ్రాన్సిస్కో హాస్–లిలియెంతాల్ హౌస్ టూర్

బే ఏరియాకి ఇండియా నుంచి అమ్మానాన్నలో, చుట్టాలో వస్తే అలమో స్క్వేర్ ఎదురుగా ఉన్న పెయింటెడ్ లేడీస్ దగ్గర ఫొటో తప్పనిసరి. 1890లలో, అంటే విక్టోరియా రాణి కాలం చివర్లో కట్టిన ఆ వరస ఇళ్లు చూడ్డానికి బావుంటాయి కానీ అవి ప్రైవేటు ఇళ్లు, మామూలుగా గేటు దాటనివ్వరు. అలాంటి ఇంట్లో గదులు ఎలా కుదిరాయో, ఏ కలప వాడారో చూడాలనుకునేవారు పసిఫిక్ హైట్స్ అనే కొండ మీది పేటలో, ఫ్రాంక్లిన్ స్ట్రీట్ 2007 నంబరులో ఉన్న హాస్–లిలియెంతాల్ హౌస్‌కి వెళ్లాలి. శాన్ ఫ్రాన్సిస్కో హెరిటేజ్ అనే సంస్థ నడిపే ఈ గైడెడ్ టూర్ దాదాపు గంటసేపు సాగుతుంది. పాత ఇళ్ల మీద ఏ కొంచెం ఆసక్తి ఉన్నా ఆ గంట వృథా కాదు.

వెళ్లేముందు ఈ కొండ సంగతి తెలిస్తే టూర్ ఇంకా బాగా అర్థమవుతుంది. గుర్రబ్బళ్ల కాలంలో ఈ వాలు ఎక్కడం కష్టం, అందుకే డబ్బున్నవాళ్లు పల్లంలోనే ఇళ్లు కట్టుకున్నారు. 1873లో క్లే స్ట్రీట్ మీద ఆండ్రూ హాలిడీ కేబుల్ కారు (రోడ్డు కింద కదిలే ఇనుప తాడు లాగే బండి) నడిపించాడు, 1878లో కాలిఫోర్నియా స్ట్రీట్ లైను వచ్చింది. దాంతో లెక్క తిరగబడింది. గాలి, వెలుతురు, సముద్రపు దృశ్యం ఉన్న ఎత్తు స్థలాలకు గిరాకీ పెరిగింది.

బవేరియా నుంచి వలస వచ్చి టోకు కిరాణా వ్యాపారంలో స్థిరపడిన విలియం హాస్ 1886లో ఈ ఇల్లు కట్టించాడు. ఆర్కిటెక్ట్ పీటర్ ష్మిట్. విస్తీర్ణం సుమారు 11,500 చదరపు అడుగులు, నిర్మాణ ఖర్చు అప్పట్లో 18,500 డాలర్లు. శైలి క్వీన్ ఆన్, అంటే విక్టోరియన్ ఇళ్లలో అలంకారాలు ఎక్కువుండే ఒక రకం. ముఖద్వారం దగ్గర ఆగకుండా ముందు రోడ్డు అవతలి నుంచి ఐదు నిమిషాలు చూడండి. గోడంతా ఒకే తీరున ఉండదు: ఒకచోట పలకలు, మరోచోట చేప పొలుసుల్లా పేర్చిన చెక్క పెంకులు, త్రిభుజాకారపు కప్పు ముఖాలు, మూలన కోసు కప్పుతో గుండ్రటి బురుజు. ఈ పనితనమంతా రెడ్‌వుడ్‌తో (కాలిఫోర్నియా తీరపు అడవుల ఎర్ర కలప) సాధ్యమైంది. మెత్తటి కలప కాబట్టి మిల్లుల్లో సులువుగా తరిగేవారు, చెదలకూ కుళ్లుకూ బాగా తట్టుకుంటుంది. దాని బలహీనత అతుకుల దగ్గర. రంగు పగిలినచోట, పలక కొస నుంచి నీరు పీల్చుకుంటే ఎంత మంచి రెడ్‌వుడ్ అయినా లోలోపల మెత్తబడిపోతుంది.

బురుజు గురించి గైడుని తప్పకుండా అడగండి. బయటి నుంచి చూస్తే అక్కడ కూర్చుని ఊరంతా చూడొచ్చనిపిస్తుంది. లోపలి నుంచి చూస్తే ఆ కిటికీలు మనిషికి అందనంత ఎత్తులో ఉంటాయి. వీధి నుంచి చూసేవారి కోసమే దాన్ని కట్టారు.

మ్యూజియం చేయడానికి ఎక్కడెక్కడి నుంచో సామాను కొని తెచ్చి పేర్చిన ఇల్లు కాదిది. 1916లో విలియం పోయాక కూతురు ఆలిస్, అల్లుడు శామ్యూల్ లిలియెంతాల్ ఇక్కడికే వచ్చేశారు. ఆలిస్ 1972లో చనిపోయేదాకా ఇందులోనే ఉంది. మరుసటి ఏడాది వారసులు ఇల్లు హెరిటేజ్‌కి అప్పగించారు. ఒకే కుటుంబం ఎనభై ఆరేళ్లు వాడుకున్న ఇల్లు కావడంతో 1880ల పార్లర్ (అతిథుల్ని కూర్చోబెట్టే గది) పక్కనే తర్వాతి తరాల వస్తువులూ ఉంటాయి, 1920ల చివర్లో వెనక కలిపిన భాగమూ ఉంటుంది. కొందరికి ఈ కలగలుపు నచ్చకపోవచ్చు. నా దృష్టిలో టూర్‌లో అసలు విలువైనది అదే. ఇల్లు ఎలా మారుతూ వచ్చిందో గదిగదికీ తెలుస్తుంది.

1906 ఏప్రిల్ 18 భూకంపం భాగం దగ్గర ఆగి వినండి. మంటల్ని వాన్ నెస్ అవెన్యూ దగ్గర ఆపారు. 125 అడుగుల వెడల్పున్న రోడ్డు అది, తూర్పు పక్కనున్న భవనాల్ని డైనమైట్‌తో పేల్చి మంటకు అడ్డుకట్ట వేశారు. ఈ ఇల్లు అక్కడికి ఒక్క బ్లాకు పడమట ఉంది, అందుకే మిగిలింది. ఊపును తట్టుకోవడంలో కలప చట్రం పాత్ర పెద్దది. తేలిగ్గా ఉంటుంది, వంగుతుంది, విరగదు. అలాంటి ఇళ్లలో ముందు కూలేవి ఇటుక పొగగొట్టాలు.

ఇక్కడ పాత ఇల్లు కొనే ఆలోచనలో ఉన్న మనవాళ్లు ఈ విషయం మనసులో పెట్టుకోవాలి. చట్రం గట్టిదైనా పునాదికి బోల్టులు లేకపోతే ఇల్లు దాని మీద నుంచి జారుతుంది. పునాదికీ మొదటి అంతస్తుకీ మధ్య ఉండే పొట్టి కలప గోడ ఇంకో బలహీన చోటు. వాలు స్థలంలో ఆ గోడ పైవైపు పొట్టిగా, కిందివైపు పొడుగ్గా ఉంటుంది, దాంతో ఊపు వచ్చినప్పుడు ఇల్లు మెలిపడుతుంది. బోల్టులు వేసి, ఆ గోడకు లోపలివైపు ప్లైవుడ్ కొట్టడం మామూలు చికిత్స. 1980కి ముందు కట్టిన ఇళ్లకు ఎర్త్‌క్వేక్ బ్రేస్ ప్లస్ బోల్ట్ అనే కాలిఫోర్నియా పథకం కింద 3,000 డాలర్ల దాకా సాయం దొరుకుతుంది, కానీ మీ జిప్ కోడ్ జాబితాలో ఉండాలి. వాలు బాగా ఎక్కువైతే ఇంజినీరుతో డ్రాయింగ్ గీయించక తప్పదు. 1978కి ముందు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి మీరే గీకడం మొదలుపెట్టకండి.

టూర్ అన్ని రోజులూ ఉండదు, పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ ఇల్లు అద్దెకిస్తారు. హెరిటేజ్ వెబ్‌సైట్‌లో తేదీ చూసి బుక్ చేసుకున్నాకే బయల్దేరండి. లోపల మెట్లున్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే ముందే అడిగి తెలుసుకోండి. సామాను ముట్టుకోకూడదు గనక చిన్నపిల్లలకు విసుగు.

కారు కన్నా కాలిఫోర్నియా లైను కేబుల్ కారు మేలు. చివరి స్టాపు వాన్ నెస్‌లో దిగి పడమటికి ఒక్క బ్లాకు ఎక్కితే ఫ్రాంక్లిన్ మూలన 1895 నాటి కోల్‌మన్ హౌస్ కనిపిస్తుంది. అదే కాలిఫోర్నియా స్ట్రీట్‌లో ఇంకొంచెం ముందుకెళ్తే 1818 నంబరులో 1876 నాటి ఇటాలియనేట్ (పాత ఇటలీ భవనాల తరహా) ఇల్లుంది. క్వీన్ ఆన్‌కీ దానికీ తేడా అక్కడే పట్టుకోవచ్చు. వెనక్కి వచ్చి ఫ్రాంక్లిన్ మీద ఉత్తరానికి నడిస్తే 1735 నంబరులో ఇటుక ఇల్లుంది, హాస్ పెద్దకూతురు ఫ్లోరిన్ కోసం 1904లో కట్టించినది. కారే తప్పదనుకుంటే, ఫ్రాంక్లిన్ వన్‌వే, బళ్లు వేగంగా వస్తాయి, పక్క వీధుల్లో చోటు వెతుక్కోండి. ఎత్తువైపు ముఖంగా ఆపితే ముందు చక్రాల్ని రోడ్డువైపు, పల్లంవైపు ఆపితే కాలిబాట అంచువైపు తిప్పి, హ్యాండ్ బ్రేక్ వేయండి. చక్రాలు తిప్పకపోతే ఈ ఊళ్లో జరిమానా టికెట్ రాస్తారు.