నిజాంపేట నీళ్లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు ఫ్లాట్లు చూస్తున్నవాళ్లు ముందు అడిగేది నీళ్ల గురించే, అందుకే వివరంగా రాస్తున్నా.

ఇక్కడ రెండు రకాల నీళ్లు. ఒకటి నల్లా నీళ్లు, వీటిని అందరూ మంజీరా నది పేరుతో మంజీరా నీళ్లే అంటారు, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు నగరానికి వచ్చాక కూడా ఆ పేరు పోలేదు. రెండోది బోరు. చాలా అపార్ట్‌మెంట్లలో రెండూ ఒకే సంపులో పడతాయి, మా దగ్గరా అంతే, కాబట్టి ఏ రోజు కుళాయిలో ఏది ఎంత వస్తుందో చెప్పలేం.

మంజీరాకు నేను అయిదుకు నాలుగు ఇస్తా. పప్పు తొందరగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురగొస్తుంది. కొన్ని రోజులు క్లోరిన్ వాసన ఘాటుగా ఉంటుంది, బిందెలో పట్టి మూత తీసి కాసేపు ఉంచితే తగ్గుతుంది. కుళాయి దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన ప్రమాణాలే చెబుతున్నాయి, అందుకే ఆ వాసన వస్తేనే నాకు ధైర్యం. పైపుల పని జరిగిన రోజు మాత్రం మొదటి నీళ్లు మట్టి రంగులో వస్తాయి, అవి వదిలేయాల్సిందే.

బోరుకు ఒకటి కంటే ఎక్కువ ఇవ్వలేను. గ్రానైట్ నేల, పగుళ్లలో ఎంతో కాలం నిలిచిన నీళ్లు, కాల్షియం, మెగ్నీషియం దండిగా కలిసి ఉంటాయి. మొన్న ప్లంబర్ మా గీజర్ విప్పి కాయిల్ బయటికి తీస్తే లోహం ఎక్కడా కనబడలేదు, చుట్టూ వేలు మందాన తెల్లటి పెంకు, స్క్రూడ్రైవర్‌తో కొడితే పలకలు పలకలుగా ఊడి పడింది. షవర్ చిల్లులు పూడుకుపోతే నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లలో రాత్రంతా నానబెడుతున్నాం, ఆ చిట్కా బాగా పనిచేస్తుంది.

టీడీఎస్ మీటర్ చూసి హార్డ్‌నెస్ (అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో) తేల్చేయకండి. అది నీళ్లలో కరిగినవన్నీ కలిపి అంచనా చెబుతుంది, అందులో సున్నం ఎంతో చెప్పదు. హార్డ్‌నెస్ చూసే చుక్కల కిట్ తక్కువ ధరకే దొరుకుతుంది, గులాబీ రంగు నీలంగా మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. మా మంజీరా నీళ్లు ఎప్పుడూ 200 లోపే, ఎండాకాలంలో బోరు 600 దాటేస్తుంది.

అపార్ట్‌మెంట్ మొత్తానికి సాఫ్ట్‌నర్ (ఆ కాల్షియం, మెగ్నీషియం తీసేసే యంత్రం) పెట్టించారు, మంచిదే, కానీ దాని ట్యాంకులో ఉప్పు పోసి, వాటిని పట్టుకునే రెజిన్ గుళికలు కడిగితేనే అది పనిచేస్తుంది. ఆ పని ఎవరిదో తేలక వారాల తరబడి ఊరికే పడి ఉన్న సందర్భాలు ఉన్నాయి, అప్పుడు బకెట్ల అంచుల్లో తెల్ల చారలు మళ్లీ మొదలు. హార్డ్‌నెస్ తగ్గుతుందని పైపుకు బిగించే మాగ్నెట్లకు డబ్బులు తగలేయొద్దు, పక్క ఫ్లాటువాళ్లవి కిట్‌తో చూశాం, ముందూ తర్వాతా అదే అంకె.

ఫ్లాటు చూసేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో రండి, వంటింటి కుళాయికి మంజీరా లైను విడిగా ఉందా అని అడగండి, జనం ఉంటున్న ఫ్లాట్లో బాత్రూం కుళాయిలు చూడండి. మేం ఇప్పుడు వంటింటికి విడిగా పైపు వేయించాలని కమిటీని అడుగుతున్నాం. పాత అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా అలా వేయించుకుని ఉంటే ఫ్లాటుకు ఎంత పడిందో చెప్పండి.