ఓపెన్ బాక్స్ ప్యాడ్ కంట్రోలర్ కొంటున్నారా? లైట్లు వెలిగాయని డబ్బులు కట్టేయకండి

ఇంట్లోనే బీట్లు చేసుకునేవాళ్లు, అందులోనూ మొదటిసారి ప్యాడ్ కంట్రోలర్ (వేళ్లతో కొట్టి కంప్యూటర్‌లో దరువు వాయించే పెట్టె) కొనబోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది పూర్తిగా చదవండి. నాకు 11,500 రూపాయలు పోయాయి. డబ్బు పోయిన బాధ ఒకటైతే, లోపం తాము అమ్మిన వస్తువులో పెట్టుకుని, నా కంప్యూటర్‌లో ఉందని షాపువాళ్లు వారం రోజులు నన్ను నమ్మించారు. అది అంతకన్నా పెద్ద బాధ. ఆ వారంలోనే రిటర్న్ గడువు కూడా అయిపోయింది. నాలా ఇంకొకరు మోసపోకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఉంటాను. పగలు వేరే ఉద్యోగం, రాత్రి జానపద పాటలకు ట్రాకులు చేస్తాను. మా దగ్గర పాటకు ప్రాణం డప్పు. మా ఊరి కళాకారులతో డప్పు కొట్టించి, ఒక్కో దెబ్బను మెల్లగా, మామూలుగా, గట్టిగా, ఇంకా గట్టిగా అని నాలుగు రకాలుగా రికార్డు చేసి పెట్టుకున్నాను. లావు కర్ర సిర్ర దెబ్బ వేరు, సన్నటి సిటికెన పుల్ల చప్పుడు వేరు. మౌస్‌తో ఒక్కో నోటూ గీస్తే అన్నీ ఒకే బలంతో పడతాయి, దరువులో జీవం ఉండదు. వేళ్లతో వాయిస్తేనే ఆ ఎత్తుపల్లాలు వస్తాయి. అందుకే 16 ప్యాడ్లది ఒకటి కొందామని ఏడాది నుంచి డబ్బు కూడబెట్టాను. నాలుగు వరుసల్లో నాలుగేసి ప్యాడ్లుండే ఈ అమరిక 1988లో రోజర్ లిన్, అకాయ్ కంపెనీ కలిసి తెచ్చిన ఎంపీసీ 60 అనే బీట్ మెషీన్ నాటి నుంచీ ఉన్నదే. చేతికి అలవాటైతే దీన్ని మించింది లేదు.

కొత్తది దాదాపు 16,000 చెబుతున్నారు. ఒక ఆన్‌లైన్ షాపులో అదే మోడల్ 'ఓపెన్ బాక్స్, వాడలేదు, డబ్బా మాత్రమే తెరిచాం' అని 11,500కి కనిపించింది. ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడాడు. 'అన్నా, పీస్ సూపర్ కండిషన్, వీడియో పంపిస్తా చూడు' అన్నాడు. పంపించాడు కూడా. వీడియోలో ప్యాడ్లన్నీ రంగురంగులుగా వెలుగుతున్నాయి, ఒక చెయ్యి వాటిని నొక్కుకుంటూ పోతోంది. నేను దానికే పడిపోయాను. యూపీఐలో మొత్తం డబ్బు పంపేశాను. బిల్లు మీద చిన్న అక్షరాలతో 'టెస్టింగ్ వారంటీ 7 రోజులు' అని ఉంది. వస్తువు చేతికి వచ్చాక గానీ అది చూసుకోలేదు.

పార్సిల్ వచ్చిన రాత్రే ఎఫ్‌ఎల్ స్టూడియోలో (నేను ట్రాకులు చేసే సాఫ్ట్‌వేర్) పెట్టి వాయించాను. కింది వరుసలో కుడి చివరి ప్యాడ్‌కి సిర్ర దెబ్బ ఇచ్చాను. ఒక్కసారి కొడితే 'దడ్' అనాల్సింది 'ద-దడ్' అంటోంది. అన్నిసార్లూ కాదు, నాలుగైదు దెబ్బలకు ఒకసారి. పై వరుసలో ఒక ప్యాడ్‌ని బొటనవేలితో అదిమితే తప్ప పలకడం లేదు. కొత్త వస్తువు కదా, సెట్టింగ్ ఏదో నాకు తెలియడం లేదేమో అనుకున్నాను.

షాపుకి మెసేజ్ పెడితే, 'డ్రైవర్ ప్రాబ్లం అన్నా, అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వెయ్యి' అన్నాడు. వేశాను. మర్నాడు కేబుల్ మార్చమన్నాడు. మార్చాను. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టమన్నాడు. పెట్టాను. ఆ తర్వాత, 'బఫర్ సైజ్ ఎక్కువుంది, తగ్గించు' అన్నాడు. 512 నుంచి 128కి తగ్గించాను. సౌండ్ చిటపటలాడిందే గానీ జంట దెబ్బ పోలేదు. ఆరో రోజు విండోస్ మొత్తం కొత్తగా వెయ్యమన్నాడు. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. నా ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రాములు), శాంపిళ్లు (రికార్డు చేసి పెట్టుకున్న దెబ్బలు) అన్నీ మళ్లీ ఎక్కించుకున్నాను.

ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నాను. బఫర్‌కీ జంట దెబ్బకీ సంబంధమే లేదు. బఫర్ అనేది శబ్దం ఎంత ఆలస్యంగా బయటికి రావాలో నిర్ణయిస్తుంది. శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా లెక్కించే సెట్టింగ్‌లో 512 ముక్కల బఫర్ అంటే దాదాపు 12 మిల్లీసెకన్ల ఆలస్యం, అంతే. ప్యాడ్ పంపని నోటును అది పుట్టించలేదు. ఆ కుర్రాడికి ఇది తెలియక చెప్పాడా, రోజులు గడిపేయడానికి చెప్పాడా అన్నది నేను తేల్చలేను. మొత్తానికి ఏడు రోజులూ గడిచిపోయాయి.

ఎనిమిదో రోజు బతుకమ్మ పాట గైడ్ ట్రాక్ (అసలు రికార్డింగ్‌కి ముందు చేసే కచ్చా రికార్డింగ్) కోసం ఒక అక్క మా ఇంటికొచ్చింది. పండుగకి ముందే పాట బయటికి రావాలి, అసలే టెన్షన్‌గా ఉంది. నేను దరువు వాయిస్తుంటే ఆమె పల్లవి అందుకుంది. పాట రెండో లైన్‌లోనే 'ద-దడ్' అని పడింది. ఆమె ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అదే. మూడోసారి, 'తమ్మీ, తాళం తప్పుతున్నది నేనా?' అని అడిగింది. పదిహేనేళ్లుగా స్టేజీల మీద పాడుతున్న మనిషి తన తాళాన్నే అనుమానించుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే కూర్చుని లోపం ఎక్కడుందో తేల్చుకున్నాను.

తేల్చుకోవడం నిజానికి పది నిమిషాల పని. కంట్రోలర్ కంప్యూటర్‌తో మాట్లాడే భాషను మిడి అంటారు. మిడి అంటే శబ్దం కాదు, అంకెలు. 1983 నుంచీ ఉన్న పద్ధతే ఇది. ప్యాడ్ కొట్టగానే ఏ నోటు, ఎంత బలం అన్న సమాచారం కంప్యూటర్‌కి వెళుతుంది. ఆ బలాన్నే వెలాసిటీ అంటాం, అది 127 దాకా ఉంటుంది. ఈ అంకెలను నేరుగా చూపించే ఉచిత ప్రోగ్రాములున్నాయి. విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్. విండోస్‌లో చాలావరకు ఒక మిడి పోర్టును (కనెక్షన్‌ను) ఒక్క ప్రోగ్రామే వాడుకోగలదు కాబట్టి ముందు ఎఫ్‌ఎల్ స్టూడియో మూసేసి ఇది తెరవాలి.

మిడి-ఆక్స్ తెరిచి మంచి ప్యాడ్‌ని ఒక్కసారి కొట్టాను. నోట్ ఆన్ ఒక వరుస వచ్చింది, వేలు తీయగానే నోట్ ఆఫ్. ఆ కుడి చివరి ప్యాడ్‌ని కొట్టాను. నోటు 39, బలం 104. దాని కిందే మళ్లీ నోటు 39, బలం 31. నేను కొట్టింది ఒక్కసారే. పక్కన ఎఫ్‌ఎల్ స్టూడియో లేదు, ప్లగిన్ లేదు, బఫర్ లేదు. లోపం ప్యాడ్‌లోనే ఉంది. మొండికేస్తున్న పై ప్యాడ్ సంగతి చూస్తే, మామూలు దెబ్బలకు ఏమీ రావడం లేదు, గట్టిగా అదిమితే ఒకేసారి 120 వస్తోంది. మధ్యలో అంకెలే లేవు. నా డప్పు శాంపిళ్ల మెల్లని, మామూలు దెబ్బలు ఆ ప్యాడ్ మీద ఎప్పటికీ పలకవు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ వల్ల కూడా నోట్లు రెండేసి పడే అవకాశం ఉంది. ఒకే కంట్రోలర్‌కి రెండు పోర్టులు ఆన్ అయి ఉంటే అలా జరుగుతుంది. కానీ అప్పుడు అన్ని ప్యాడ్లకూ జరుగుతుంది, రెండు నోట్లూ ఒకే బలంతో పడతాయి. ఒకటి రెండు ప్యాడ్లకే జరుగుతూ, రెండో నోటు బలహీనంగా కాస్త ఆగి వస్తుంటే అది వస్తువు లోపం. అలాగే 'ఫుల్ లెవెల్' అనే బటన్ చాలా కంట్రోలర్లలో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఎలా కొట్టినా 127 వస్తుంది. దాన్ని ఆపేసి పరీక్షించండి. సెన్సిటివిటీ (దెబ్బకి ఎంతగా స్పందించాలి), థ్రెషోల్డ్ (ఎంత బలం దాటితే పలకాలి) అనే సెట్టింగులు మధ్యలో పెట్టి చూడండి. థ్రెషోల్డ్ పెంచితే నా జంట దెబ్బ తగ్గిన మాట నిజమే. కానీ దాంతోపాటు మెల్లని దెబ్బలన్నీ మాయమయ్యాయి. అది బాగుచేయడం కాదు, కప్పిపుచ్చడం.

టెస్టింగ్ వారంటీ ఎలాగూ అయిపోయింది కాబట్టి, మొబైల్ రిపేర్ చేసే మా ఫ్రెండ్ దగ్గరికి తీసుకెళ్లి వీడియో తీస్తూ విప్పించాను. వెనక్కి తిప్పగానే వాడు, 'ఇది ఎవరో ఇంతకుముందే విప్పారు' అన్నాడు. స్క్రూల తలలు అరిగి, నల్ల రంగు లేచిపోయి లోపలి ఇనుము మెరుస్తోంది. ఒక మూల స్క్రూ మిగతావాటి రకమే కాదు. లోపల సిలికాన్ ప్యాడ్ల పొర ఎత్తాడు. కింద ఒత్తిడిని పసిగట్టే పల్చటి షీటు ఉంటుంది. వేలు నొక్కిన కొద్దీ అక్కడ రెసిస్టెన్స్ తగ్గుతుంది, దాన్ని బట్టే వెలాసిటీ లెక్క కడుతుంది. కుడి చివరి ప్యాడ్ అడుగున, ఆ షీటు మీద, నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి అంటించి ఉంది. కత్తెరతో వంకరగా కత్తిరించింది. ఒక అంచు లేచి దుమ్ము పట్టి ఉంది. అరిగిన ప్యాడ్ పలకాలని టేపు పెట్టి ఎత్తు పెంచడం తెలిసిన చిట్కానే. తమ సొంత వస్తువుకి ఎవరైనా చేసుకోవచ్చు. కానీ అలా టేపు అంటించిన దాన్ని 'డబ్బా మాత్రమే తెరిచాం' అని అమ్మడం మాత్రం మోసం.

ఇంకో దెబ్బ లైసెన్సుది. ఇలాంటి కంట్రోలర్లతోపాటు మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ చిన్న వెర్షనో, సౌండ్ ప్యాకులో ఇస్తారు. చాలామంది ధర చూసేటప్పుడు వాటినీ లెక్కలో వేసుకుంటారు, నేనూ వేసుకున్నాను. అడుగున స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొడితే 'ఇప్పటికే రిజిస్టర్ అయింది' అని వచ్చింది. అంటే నాకన్నా ముందు దీనికి ఒక యజమాని ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ ఆయన అకౌంట్‌కి వెళ్లిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ కోడ్‌లు మామూలుగా మొదట రిజిస్టర్ చేసుకున్నవాళ్లకే చెందుతాయి. నిజానికి మొదటి రోజే నేను ఈ నంబర్ కొట్టి ఉంటే, మిగతా కథంతా జరిగేది కాదు. వాయించాలన్న తొందరలో రిజిస్ట్రేషన్ తర్వాత చేద్దాంలే అని వదిలేశాను.

వీడియో, మిడి-ఆక్స్ స్క్రీన్‌షాట్లు, సీరియల్ నంబర్ మెసేజ్ అన్నీ షాపుకి పంపాను. 'విప్పారు కదా, మాకు సంబంధం లేదు' అన్నారు. తర్వాత 2,000 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. వద్దన్నాను. మనకు తెలియాల్సిన విషయం ఏమిటంటే, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువు లోపంతో ఉన్నా, చెప్పిన లక్షణాలు లేకపోయినా, ఆన్‌లైన్ అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915, తెలుగులో కూడా మాట్లాడతారు. నేను అక్కడ ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ల దాకా గడువుంది. 'ఏడు రోజులైపోయింది, ఇంక ఏమీ చేయలేం' అని నేను మొదట కుంగిపోయాను. మీరు అలా అనుకోకండి. మామూలు మనిషి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొంటే మాత్రం ఈ దారి ఉండదు, కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి.

కొనే ముందు లైట్ల వీడియో అడగకండి. ప్యాడ్ కింద బల్బు వెలగడానికీ, ప్యాడ్ దెబ్బను సరిగ్గా పసిగట్టడానికీ సంబంధం లేదు. మిడి అంకెలు కనిపించే స్క్రీన్, కొడుతున్న చెయ్యి రెండూ ఒకే ఫ్రేములో ఉన్న వీడియో అడగండి. ఒక్కో ప్యాడ్‌ని మెల్లగా, మామూలుగా, గట్టిగా పదేసి సార్లు కొట్టమనండి. ఒకదాన్ని గట్టిగా కొట్టినప్పుడు పక్క ప్యాడ్ పలుకుతోందేమో చూడండి. వెనకవైపు స్క్రూల ఫోటో దగ్గరగా తీసి పంపమనండి. 'సీరియల్ నంబర్ రిజిస్టర్ కాలేదు' అని మెసేజ్‌లో రాసివ్వమనండి, మాటతో సరిపెట్టుకోకండి. కొత్తదే కొన్నా, చిన్న గ్రిడ్ మోడళ్లలో కొన్నింటికి వెలాసిటీయే ఉండదు. క్లిప్పులు ఆన్, ఆఫ్ చేయడానికి అవి చక్కగా పనికొస్తాయి గానీ వేళ్లతో దరువు వాయించడానికి పనికిరావు.

పార్సిల్ వచ్చాక టేపు కోయడం దగ్గర్నుంచి చివరి ప్యాడ్ దాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. పరీక్ష మొదటి రోజే పూర్తి చేయండి. లోపం కనిపిస్తే ఆ రోజే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా రిటర్న్ అడగండి. డ్రైవర్లు, కేబుళ్లు మార్చి చూడటం తర్వాత చేసుకోవచ్చు, రిటర్న్ అడిగిన తేదీ ముందు కాగితం మీద ఉండాలి.

బతుకమ్మ పాట మౌస్‌తోనే పూర్తి చేశాను, ఒక్కో దెబ్బ బలం చేత్తో సరిచేసుకుంటూ మూడు రాత్రులు కూర్చున్నాను. ఆ రోజు తాళం తప్పింది ఆమె కాదని, ప్యాడేనని అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

ఆ షాపులో నిన్న మళ్లీ అదే మోడల్ పెట్టారు. 'ఓపెన్ బాక్స్, ఒక్కటే పీస్ మిగిలింది' అని. ఐదు ఫోటోలున్నాయి, ఐదూ పైనుంచి లైట్లు వెలిగించి తీసినవే. వెనకవైపు స్క్రూలు కనిపించే ఫోటో ఒక్కటీ లేదు. కొనాలనుకుంటే ముందు ఆ ఫోటో అడగండి.