అనంతపురం బోరు నీళ్లు, మా ఆర్‌ఓ మెషిన్: ఆరేళ్లు వాడాక

ఊరి బయట కట్టుకున్న ఇంట్లోకి 2018 ఎండాకాలంలో దిగాం. మొదటి రోజు వంటలోనే నీళ్ల సంగతి బయటపడింది. కుక్కర్ ఆరు విజిల్స్ వేసినా కంది బ్యాళ్లు పలుకుగానే ఉన్నాయి. పప్పుగుత్తితో ఎంత ఎనిపినా మెదగలేదు. పాత సరుకు అంటగట్టాడని అంగడాయన్ను తిట్టుకున్నాను. అదే సంచిలోని బ్యాళ్లు టౌన్లో మా చెల్లెలింట్లో మూడు విజిల్స్‌కే వెన్నలా ఉడికాయి. వాళ్ల కొళాయికి వచ్చేది తుంగభద్ర కాలవ నీళ్లు, మాది 700 అడుగుల బోరు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే అవి గింజలోని పెక్టిన్‌ను (గింజను గట్టిగా పట్టి ఉంచే జిగురు లాంటిది) పట్టేసుకుని మెత్తబడనివ్వవట. అంగడాయనకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నా.

పప్పు ఉడక్కపోతే నానబెట్టుకోవచ్చు. నాకు భయం ఫ్లోరైడ్ గురించి. మా నాయన పళ్ల మీద గోధుమరంగు చారలు నేను పుట్టక ముందు నుంచీ ఉన్నవే. మా పల్లెలో ఆ వయసు వాళ్ల నోళ్లు సగం అంతే. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో 731 పల్లెలకు పైపులు తెచ్చింది, ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్లు చూస్తే తేడా తెలిసేది. అంత తప్పించుకుని వచ్చి, మళ్లీ బోరు నీళ్ల ఇంట్లోనే పడ్డాం. పైగా అప్పటికి మా పిల్లోడికి నాలుగేళ్లు. శాశ్వత పళ్ల పింగాణీ దవడలో తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపే. ఆ వయసులో తాగిన ఫ్లోరైడే మచ్చగా మిగులుతుంది.

ఆ వారమే ఒకాయన ఆర్‌ఓ మెషిన్ (నీళ్లను సన్నటి పొరలోంచి నెట్టి, కరిగిన ఉప్పుల్ని ఆపేది) అమ్మడానికి తలుపు కొట్టాడు. గ్లాసు నీళ్లు అడిగి, అందులో కడ్డీలున్న పరికరం ముంచి కరెంటు పెట్టాడు. నిమిషంలో నీళ్లు తుప్పు రంగుకు తిరిగి, పైన తెట్టు తేలింది. "చూడక్కా, మీరు తాగేది ఇదీ" అన్నాడు. మా అత్త గుండె మీద చెయ్యేసుకుంది. తర్వాత తెలిసింది, ఆ రంగు కడ్డీలోని ఇనుముది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు బాగా పారి ఇనుము కరుగుతుంది, ఆర్‌ఓ నీళ్లలో ఉప్పులు చాలా తక్కువ కాబట్టి దాదాపు ఏమీ కాదు. శుభ్రమైన కాలవ నీళ్లు పెట్టినా ఎర్రబడతాయి. ఈ గారడీ చూపించేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి.

మేము అంగట్లో కొన్నాం, 14,500 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను, లోపల సామాన్లు దాదాపు అన్నిట్లో ఒకటే. గోడకు తగిలించేది, 8 లీటర్ల ట్యాంకు, ఆర్‌ఓ, యూవీ, యూఎఫ్ మూడూ ఉన్నాయి. మా బోరుకు ఇందులో అసలు పని చేసేది ఆర్‌ఓ పొర ఒక్కటే. యూవీ క్రిములను చంపుతుంది, యూఎఫ్ వాటిని వడగడుతుంది. కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ను ఈ రెండూ ముట్టవు. పాత క్యాండిల్ ఫిల్టరూ ముట్టదు. కాచితే ఇంకా నష్టం. ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలో ఉండి చిక్కబడుతుంది. మా అత్త తన పిల్లలకు ఏళ్ల తరబడి కాచి చల్లార్చిన బోరు నీళ్లే పట్టింది, మంచిదనుకుని.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. బిగించడానికి వచ్చిన అబ్బాయి మొదటి గ్లాసు పట్టిస్తే మా మామ ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఏందప్పా ఇది, వాన నీళ్ల మాదిరి సప్పగా ఉంది" అన్నారు. టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్నవన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో) మీటరు 70 చూపిస్తోంది. అబ్బాయి నవ్వి, మూత తీసి, లోపల తెల్లటి చిన్న వాల్వు మీద స్క్రూ డ్రైవర్ పెట్టి తిప్పాడు. పది నిమిషాలాగి ఇంకో గ్లాసు ఇచ్చాడు. మీటరు 420. "ఇప్పుడు మినరల్స్ కలిసినాయి సార్" అన్నాడు. మామకు రుచి కుదిరింది. మాకూ కుదిరింది. రెండేళ్లు హాయిగా తాగాం.

2020 చివర్లో, పిల్లోడికి ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తున్నప్పుడు, నాకెందుకో అనుమానం వచ్చి రెండు ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబుకు ఇచ్చాం. ఒకటి బోరుది, ఇంకోటి ఫిల్టర్‌ది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3.2 మిల్లీగ్రాములు. అది ఊహించిందే. ఫిల్టర్ నీళ్లలో 1.2! బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. అంటే గీత దాటీ దాటనట్టుంది. కానీ మన ఎండలకు మనిషి తాగేది రోజుకు రెండు లీటర్లతో ఆగదు కదా.

ఆ రాత్రి మా ఆయన కాగితం మీద లెక్కేశారు. బోరు టీడీఎస్ 1,150, పొర దాటి వచ్చేది 70, కొళాయిలో 420. అంటే మూడింట ఒక వంతు బోరు నీళ్లే పొర దాటకుండా పక్క పైపులోంచి వచ్చి కలుస్తున్నాయి. ఆ చిన్న స్క్రూ పని అదే. కలిసిన మినరల్స్ ఎక్కడివో కావు, మేము వద్దనుకున్న నీళ్లలోవే, ఫ్లోరైడ్‌తో సహా. టీడీఎస్ మీటరు దీన్ని పట్టివ్వలేదు. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి అది మొత్తం లెక్క చెప్తుంది, అందులో ఉప్పెంత, ఫ్లోరైడ్ ఎంత అని విడదీయదు. తెల్లారి ఆ వాల్వు పూర్తిగా మూయించాం. మళ్లీ పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ 0.2.

మామ నెల రోజులు సణిగారు. కాల్షియం కూడా పోతుంది కదా అని చెల్లెలు అడిగింది. పోతుంది, నిజమే. రాగి సంగటి, పెరుగు తినే ఇంట్లో దానికి టెన్షన్ అక్కర్లేదని నా ఉద్దేశం. పిల్లోడి ముందు పళ్లు రెండింటి మీద సన్నటి తెల్ల గీతలు వచ్చాయి. వెలుతురులో చూస్తేనే కనిపిస్తాయి. అవి ఫ్లోరైడ్‌వేనని పళ్ల డాక్టరు ఖాయంగా చెప్పలేదు. నేను మాత్రం ఆ స్క్రూనే గుర్తు చేసుకుంటాను.

ఇంకో పొరపాటు, తాగడానికే ఫిల్టర్, వంటకు బోరు అని మొదట్లో గీత గీసుకున్నాం. అన్నం, పప్పు పీల్చుకునే నీళ్లలో ఫ్లోరైడ్ కూడా కడుపులోకే వెళ్తుంది. ఇప్పుడు ఎసరు కూడా ఫిల్టర్‌దే. పప్పు మూడు విజిల్స్.

మెయింటెనెన్స్ గురించి కంపెనీవాళ్లు చెప్పేది సగమే. మెషిన్‌కు ముందు బయట ఒక బౌల్, దాంట్లో దారం చుట్టినట్టుండే తెల్లటి స్పన్ ఫిల్టర్ ఉంటాయి. మొదటి ఏడాది దాన్ని ముట్టుకోలేదు. తీసి చూస్తే ఎర్రమట్టి ముద్దలా ఉంది, వేలు పెడితే జిగురు. దాంతో మెంబ్రేన్, అంటే ఆ ఆర్‌ఓ పొర, 14 నెలలకే పోయింది. బయటకు లాగితే చివర్ల తెల్లగా సున్నం పొరలు పొరలుగా రాలింది. అప్పటి నుంచి రెండు నెలలకోసారి స్పన్ నేనే మారుస్తున్నా, 120 రూపాయల పని. తర్వాతి మెంబ్రేన్ మూడేళ్లు దాటింది. ఏడాది కాంట్రాక్టు ఒకసారి కట్టాం. మెంబ్రేన్ దాంట్లోకి రాదని అది పోయినప్పుడు చెప్పారు. ఇక కట్టలేదు, వీధి చివరి మెకానిక్‌నే పిలుస్తున్నాం.

ఊరెళ్లి వస్తే ట్యాంకు నీళ్లు పారబోయండి. క్లోరిన్ మిగలని నీళ్లు కాబట్టి నిలవుంటే క్రిములు పెరుగుతాయి. వారం తర్వాత తిరిగొచ్చి కొళాయి తిప్పితే ఒకసారి నాచు వాసన కొట్టింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది పారబోసే నీళ్లు. కొత్తలో లీటరు మంచి నీళ్లకు మూడు లీటర్లు బయటికి పోయేవి, జగ్గు, బకెట్ పెట్టి కొలిచాను. మెంబ్రేన్ పాతబడ్డాక నాలుగు. కరువు సీమలో ఇది చూస్తూ కూర్చోలేం. పైపును డ్రమ్ములోకి వదిలి గిన్నెలకు, బండలు తుడవడానికి, బాత్రూంకు వాడుతున్నాం. కరివేపాకు చెట్టుకు పోస్తే ఆకుల కొసలు మాడిపోయాయి, టీడీఎస్ 1,500 దాకా ఉంది మరి. పక్కింటివాళ్లు బర్రెకు అడిగితే ఇవ్వలేదు. బోరు కంటే ఫ్లోరైడ్ ఎక్కువుండే నీళ్లవి, పశువులకూ ఎముకలు పాడవుతాయి.

ఖర్చు చెప్పాలంటే మెషిన్ కాకుండా ఆరేళ్లలో రిపేర్లు, ఫిల్టర్లకు సుమారు 22 వేలు. ముందు రోజుకో 20 లీటర్ల క్యాను, 20 రూపాయలకు వేయించుకునేవాళ్లం. అదే అయితే ఆరేళ్లకు 43 వేలు దాటేది, అదీ తాగడానికి మాత్రమే. క్యాను ప్లాంటాయన్ను ఫ్లోరైడ్ ఎంతని అడిగితే టీడీఎస్ మీటరు తీసి చూపించాడు.

మా చెల్లెలు కూడా చూసి కొనింది. వాళ్ల కాలవ నీళ్లు మా మీటరుతో కొలిస్తే 280. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వాడకుండా నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. ఆమెకు యూవీ, యూఎఫ్ ఉన్న చిన్న మెషిన్ చాలు. "కొనేశాం కదక్కా" అంటుంది, మూడు లీటర్లు మోరీలోకి వదుల్తూ.

మా మీటరు ఈ మధ్య 160 చూపిస్తోంది. వచ్చే నెల మెంబ్రేన్ మార్పించాలి. పోయినసారి మార్చినప్పుడు మెకానిక్ అలవాటుకొద్దీ ఆ స్క్రూ మీద చెయ్యి పెట్టాడు. ఈసారి దాని మీద టేపు చుట్టి ఉంచాను.