కర్నూల్లో సెకండ్ హ్యాండ్ ఫిష్‌ఐ లెన్స్ కొనేవాళ్ళు జాగ్రత్త, అంచులు చూడకుండా దుడ్లు ఇయ్యొద్దండి

అన్నలారా, ఇది టైప్ చేసేటప్పటికి రాత్రి 11 దాటింది. కర్నూలు నుంచి కడపకు ఇప్పుడే వచ్చి బస్సు దిగినా, ఇంకా అన్నం కూడా తినలా, కోపంతో చేతులు వణుకుతాండాయి, తప్పులు పడితే సర్దుకుని చదవండి.

మన వాట్సాప్ గ్రూపులో వారానికి రెండుసార్లు కెమెరా సామాన్లు పెట్టే కర్నూలాయన మీకందరికీ తెలుసు, పేరు నేను రాయను. ఆయన దగ్గర సిగ్మా 8 ఎంఎం ఎఫ్ 3.5 సర్కులర్ ఫిష్‌ఐ, కెనాన్ మౌంట్ (అంటే కెనాన్ కెమెరాకు పట్టేది), 32 వేలకు తీసుకున్నా. నా ఇంటామె చీటీ ఎత్తిన దుడ్లు అవి. ప్రొద్దుటూరులో ఒక కల్యాణ మండపం వాళ్ళు వాళ్ళ వెబ్‌సైట్‌కు 360 ఫోటోలు, అంటే ఫోన్‌లో చుట్టూ తిప్పి చూసే గోళం ఫోటోలు, కావాలని అడిగినారు, అది చేస్తే లెన్స్ ఖర్చులో సగం వచ్చేస్తాదని లెక్క వేసుకున్నా. కొండారెడ్డి బురుజు దగ్గర కలిసినాం, మిట్టమధ్యాహ్నం, ఎండలో. నాలుగు ఫోటోలు తీసి కెమెరా వెనక స్క్రీన్ మీద చూసినా, నడిమధ్య జూమ్ చేస్తే బురుజు రాళ్ళు గీసినట్ల కనపడినాయి. ఇంకో రెండు తీస్తానన్నా, అంచులు చూడాలని. "తమ్ముడూ నాకు టైమ్ అయితాంది, ఇంకొకాయన కూడా అడుగుతాండాడు, నీకు వద్దంటే చెప్పు" అన్నాడు. అంతే, దుడ్లు ఇచ్చేసినా. ఆ పది నిమిషాలు నేను గట్టిగా నిలబడి ఉండాల్సింది, అది నా తప్పు, ఒప్పుకుంటాండా.

అంచుల గురించి ఎందుకు ఇంత అంటాండానంటే, ఈ పని చేయనోళ్ళకు తెలీదు. మామూలు ఫోటోలో మూలలు కొంచెం మసకైనా ఎవరూ పట్టించుకోరు. గోళం ఫోటోకు అట్ల కాదు. నాది కెనాన్ 6డి కెమెరా, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉండేది), ఈ లెన్స్ పెడితే ఫ్రేమ్ మధ్యలో చంద్రుని మాదిరి గుండ్రంగా బొమ్మ పడతాది, ఆ వృత్తం అడ్డంగా దాదాపు 3400 పిక్సెల్స్, దాంట్లోనే 180 డిగ్రీలూ ఇమిడి ఉంటాయి, అంటే డిగ్రీకి 19 పిక్సెల్స్ కూడా రావు. 120 డిగ్రీలకు ఒకటి చొప్పున 3 షాట్లు తీసి ఫోటోలను అతికించే సాఫ్ట్‌వేర్ హగిన్‌లోనో పీటీగుయ్‌లోనో కుడితే మొత్తం గోళం వచ్చేస్తాది. అతుకు పడేది ఎక్కడంటే ఒక్కో షాట్‌లో నడిమి నుంచి పక్కకు 60 డిగ్రీలు పోయినచోట. ఒక షాట్ కుడి పక్క, ఇంకో షాట్ ఎడమ పక్క, రెండూ అక్కడ కలుస్తాయి. ఆ రెండు పక్కలూ ఒకే మాదిరి షార్ప్‌గా లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తాది చెప్పండి.

మొదటి ఆదివారం గండికోటకు పోయినా. తెల్లారకముందే మాధవరాయస్వామి గుడి మండపంలో ట్రైపాడ్ పెట్టినా, తర్వాత పెన్నా లోయ అంచున. నాకు గండికోట అంటే చిన్నప్పటి నుంచి ప్రాణం, లోయ ముందర నిలబడితే ఎట్లుంటాదో ఫోన్‌లో తిప్పి చూసేటట్ల మా అమ్మకు చూపించాలని ఎన్నేళ్ళ నుంచో ఆశ, ఆమె మోకాళ్ళ నొప్పులకు ఆ రాళ్ళ మీద నడవలేదు. ఇంటికొచ్చి కుట్టి చూస్తే మూడు అతుకుల దగ్గరా అదే కథ. ఒకే స్తంభం, సగం మీద చెక్కిన బొమ్మలు ముక్కూ మొహంతో సహా కనపడతాండాయి, మిగతా సగం తడిగుడ్డతో తుడిచినట్ల ఉండాది.

ఫస్ట్ నన్నే నేను అనుమానించుకున్నా. పానో హెడ్ (ట్రైపాడ్ మీద కెమెరాను తిప్పేది) సరిగ్గా సెట్ చేయలేదేమో, లెన్స్ తిరగాల్సిన పాయింట్ మీద తిరగడం లేదేమో, దగ్గరి వస్తువు దూరపు వస్తువు మీద జరుగుతాందేమో అని రెండు రాత్రులు మా వరండాలో కిటికీ ఊచకూ ఎదురింటి కరెంటు స్తంభానికీ గురి చూసుకుంటా హెడ్‌ను మిల్లీమీటర్ మిల్లీమీటర్ జరిపినా. ఏమీ మారలా. అయినా హెడ్ తప్పుంటే గీత విరగాలి, అతుకు దగ్గర రెండు బొమ్మలు పడాలి, మసక ఎందుకొస్తాది? అది తట్టేదానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అప్పుడు నిలువుగా ఉన్న కెమెరాను గ్రిప్ పైకి పెట్టి ఒకటి, గ్రిప్ కిందికి పెట్టి ఒకటి, ఎఫ్ 8లో అదే గోడను తీసినా. మొదటి దాంట్లో గోడ కుడి పక్క మసక, రెండో దాంట్లో ఎడమ పక్క మసక. అంటే గోడ కాదు, వెలుతురు కాదు, కెమెరాతో పాటే తిరుగుతాంది. ఫ్రెండ్ కెమెరాకు పెట్టి చూసినా అదే పక్క. లెన్స్ లోపలి గాజు పక్కకు జరిగింది, ఇంక సందేహం లేదు.

ఈ పొద్దు పొద్దున్నే కర్నూలు పోయినా. ఆయన దగ్గరికి పోకముందు అక్కడ లెన్స్‌లు రిపేరు చేసే ఒక చాచా దగ్గరికి తీసుకుపోయినా, ఏమన్నా సర్దడానికి కుదురుతాదా అని. చాచా లెన్స్‌ను చేతిలోకి తీసుకుని మౌంట్ పక్క స్క్రూలు చూసి, కళ్ళద్దాలు సర్దుకుని, మళ్ళీ చూసి, "ఇది నా దగ్గరికి వచ్చిందే బేటా, నాలుగు నెలలాయె, ట్రైపాడ్‌తో సహా కింద పడిందని తెచ్చినారు, పైన సొట్ట తీసి రంగేసినా, లోపల గాజు సరిగ్గా కూర్చోదని ఆ పొద్దే చెప్పినా" అన్నాడు. నా దగ్గర చూసిందానికి ఒక్క రూపాయి తీసుకోలా.

ఇంక లెన్స్ అమ్మినాయన షాపుకు పోయినా. కొనేవాళ్ళు ముగ్గురు నలుగురు ఉండారు. నేను మెల్లగానే మాట్లాడినా, "అన్నా, ఇది పడిన లెన్స్ అంట కదా, నాకు ఒక్క మాట చెప్పలేదే" అన్నా. మొదట "ఫోటో తీయడం రానోళ్ళంతా లెన్స్ మీద పడతారు" అన్నాడు అందరికీ వినపడేటట్ల. ఫోన్ తీసి గండికోట ఫోటో చూపించినా, చాచా చెప్పిన మాట చెప్పినా. ఆయన ఫోటో వైపు కూడా చూడలా. నా మొహంలోకి చూసి, నింపాదిగా, "చెప్పింటే నువ్వు కొనింటావా?" అన్నాడు.

ఆ మాట కడప దాకా నా చెవుల్లోనే ఉండాది. నాకు తెలీదు, నేను చూసుకోలేదు అనింటే కూడా ఇంత బాధ ఉండేది కాదు. ఆయనకు తెలుసు. మసకది ఏ పక్కనో కూడా తెలుసు, అందుకే ఆ పొద్దు బురుజును నడిమధ్యలోనే పెట్టి తీయమన్నాడు, అంచుల మాట ఎత్తగానే టైమ్ అయితాందన్నాడు. తమ్ముడూ తమ్ముడూ అనుకుంటా టీ కూడా తాపించినాడు. దుడ్లు వెనక్కి అడిగితే "వాడినావు కదా" అన్నాడు, సగమన్నా ఇయ్యన్నా అంటే షాపు కుర్రోనితో "ఈయనను బయటికి పంపించు" అన్నాడు. అక్కడున్న వాళ్ళలో ఒక్కరు కూడా ఒక్క మాట అనలా.

లెన్స్ కంపెనీని నేను ఏమీ అనను, మంచి లెన్స్ అది, ఎడమ పక్క ఎంత బాగా వస్తాదో చూస్తే ఇంకా ఏడుపొస్తాది. 6 షాట్లు తీసి మసక పక్కనంతా మాస్క్ చేసుకో (అంటే వాడకుండా కప్పేసుకో) అని ఒకన్న ఫోన్‌లో చెప్పినాడు. ఖాళీ గుళ్ళో అది కుదురుతాది. మండపం వాళ్ళకు పెళ్ళి జరుగుతాండగా కావాల, జనం కదులుతాంటారు, 3 షాట్లలో అయిపోవాలనే కదా సర్కులర్ తీసుకున్నది.

కొనేవాళ్ళు ఇంతమాత్రం చేయండి. ఏదన్నా ఒక బోర్డు, అక్షరాలున్నది, ఫ్రేమ్‌లో ఎడమ అంచు దగ్గర ఒకసారి, కుడి అంచు దగ్గర ఒకసారి, పైన, కింద పెట్టి తీసి, ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి చూడండి, కెమెరా స్క్రీన్ చాలదు. ఈ లెన్స్ ముందు గాజు బుడ్డ మాదిరి బయటికి ఉంటాది, ముందర ఫిల్టర్ పెట్టేదానికి ఉండదు, కాబట్టి టార్చ్ కొట్టి గీతలు చూడండి, 360 ఫోటో బయట తీస్తే సూర్యుడు ఏదో ఒక షాట్‌లో ఉండే తీరతాడు, ప్రతి గీతా వెలుగుతాది. స్క్రూల తలలు అరిగినాయా చూడండి. క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్) కెమెరా ఉన్నోళ్ళకు ఇదే 8 ఎంఎంలో వృత్తం పూర్తిగా పడదు, కెమెరా అడ్డంగా పట్టుకుంటే పైనా కిందా తెగుతాది, ఆ కర్నూలాయన అన్నిటికీ ఫుల్ సర్కిల్ వస్తాదని పెట్టినాడు గ్రూపులో, నమ్మొద్దండి.

మండపం పెళ్ళి వచ్చే గురువారం. కడప, ప్రొద్దుటూరు సైడ్ ఎవరి దగ్గరన్నా కెనాన్‌కు పట్టే సర్కులర్ ఫిష్‌ఐ ఒక్కరోజు బాడుగకు దొరుకుతాదంటే కింద చెప్పండన్నా, డిపాజిట్ పెట్టి తీసుకుంటా.